పగటి నిద్రకు తాళం

మేడ మీద గది

బుజ్జమ్మా,

తాళం వేస్తున్నది నువ్వే. మిల్లు యజమాని కాదు, మేనేజరు కాదు, ఆ పిల్లల్ని కన్న తండ్రులు కూడా కాదు. రోజూ మధ్యాహ్నం మిల్లు హాస్టల్ తలుపు లాగి, గొళ్ళెం పెట్టి, తాళం నొక్కి, పడిందో లేదో ఒకసారి గుంజి చూసుకుని మరీ వెళ్తున్నది నీ చెయ్యి. ముందు ఆ మాట ఒప్పుకో. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

నీ పోయిన ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. ఎంత మురిసిపోతూ రాశావు. "రాత్రి షిఫ్టు చేసి వచ్చిన పిల్లలు పగలంతా పడుకుంటారక్కా. వాళ్ళని లోపల పెట్టి తాళం వేసుకుని, పొద్దుటి షిఫ్టు పిల్లల్ని వెంటబెట్టుకు రావడానికి మిల్లుకి వెళ్తాను, అరగంటలో వచ్చేస్తాను. తాళంచెవి నా నడుముకే. ఈగ కూడా బయటికి పోదు." ఇదీ నీ రాత. మెచ్చుకుంటానని రాశావు.

నువ్వు మిల్లు గేటు దగ్గర నిలబడి ఉన్నప్పుడు లోపల ఏదైనా అయితే ఆ తలుపు ఎవరు తీస్తారు? ఆడపిల్లలు వీధిలో ఒంటరిగా నడవకూడదని ఒక రూలు. ఆడపిల్లలున్న గదికి తాళం పడాలని ఇంకో రూలు. రెండు రూళ్ళకీ కలిపి వార్డెనువి నువ్వొక్కదానివే, తాళంచెవీ ఒక్కటే. కొందరిని కాపాడటానికి వెళ్తూ ఇంకొందరి ప్రాణాలు నడుముకి కట్టుకుపోతున్నావు. ఇన్నాళ్ళలో మీ ఆఫీసులో ఒక్కరికైనా ఇది తట్టలేదా? తట్టదు. వాళ్ళ లెక్కలో రెండు రూళ్ళూ పాటించబడ్డాయి, అంతే కావాలి.

ఇన్నేళ్ళుగా ఆడవాళ్ళ చరిత్ర చెప్పుకుంటూ, పేపర్లో రాసుకుంటూ బతుకుతున్నాను గనక నా ఉపన్యాసం కొంచెం భరించు. అంతఃపురానికి తాళం వేసినవాడూ, మఠానికి వేసినవాడూ, పిచ్చాసుపత్రికి వేసినవాడూ ఒకే మాట అన్నాడు: నీ మంచికే. మంచి ఎవరిదో వాళ్ళ చేతిలో తాళంచెవి పెట్టినవాడు మాత్రం ఒక్కడూ లేడు. లోకంలో తాళం దొంగ భయానికి పుట్టింది. దొంగని వీధిలో వదిలేసి మనిషిని లోపల పెట్టి వేసే తాళం ఆడదానికే రాసిపెట్టి ఉంది. ఇంకో సంగతి, ఇది నీకు నచ్చదు. తాళం వేయించేది మగవాడు, వేసేది ఎప్పుడూ ఇంకో ఆడమనిషి. గూడు కోసమో, కూడు కోసమో.

కోపం వస్తే తిట్టు. తాళంచెవి మాత్రం ఇంకోటి చేయించి లోపల పెట్టు.

అక్క


హాస్టల్, మెట్ల కింది గది

అక్కా,

జైలరు అన్న మాటొక్కటే తరువాయి. అదీ అనేస్తే సరిపోయేది. చిన్నప్పుడూ నువ్వింతే. పొయ్యి మీద పాలు పొంగబెట్టింది నువ్వే అయినా, అసలు పాలు కాచే పని ఆడవాళ్ళకెవడు అంటగట్టాడని ఉపన్యాసం ఇచ్చేదానివి. గిన్నె తోమింది మాత్రం నేను.

ఒడ్డున కూర్చుని ఎన్నైనా చెప్పొచ్చు. ఈ తాళం ఎందుకొచ్చిందో అడిగావా? మా దగ్గర ఒక పిల్ల ఉంది. గొంతు పెద్దదని అందరూ దాన్ని 'గంట' అంటారు. మిల్లు నుంచి ఒక్కతే వస్తుంటే సందు మొగలో బండి మీద ఇద్దరు అడ్డగించి నోరు నొక్కారు. అంత గొంతూ అక్కరకు రాలేదు. ఒంటి చెప్పుతో పరిగెత్తుకొచ్చి నా కాళ్ళ దగ్గర కూలబడింది. ఆ వారంలోనే ఆఫీసు వాళ్ళు తాళం పంపారు. నేను వద్దనలేదు. అనాలని కూడా అనిపించలేదు.

తండ్రులు పిల్లల్ని దింపడానికి వచ్చినప్పుడు నా మొహంలోకి చూసి అడిగేది ఒకటే, "తాళం వేస్తారు గదమ్మా?" అని. జీతం సంగతి తర్వాత అడుగుతారు. వేస్తామంటే వాళ్ళ భుజాలు దిగుతాయి. వెయ్యమంటే ఆ పిల్ల వెనక్కే. వెనక్కంటే ఎక్కడికో నీకు నేను చెప్పాలా? పెళ్ళికి చూసి పెట్టిన వాడింటికి. నీ స్వేచ్ఛ, నీ చరిత్ర అన్నీ ఆ బస్సు ఎక్కి పోతాయి.

మీ మరిది పోయాక నన్ను ఉండమన్న గుమ్మం ఇదొక్కటే, అది కూడా గుర్తుంచుకో.

నా పద్ధతి చూస్తే నువ్వే మెచ్చుకుంటావు. పగలు పడుకునే వాళ్ళకి వెలుతురు పడకూడదని కిటికీలన్నిటికీ నల్ల అట్టలు అంటించాను. బయటి నుంచి చూస్తే ఖాళీ కొంప అనుకుంటారు. లోపల చీమ చిటుక్కుమనకూడదు. ఎవరైనా గట్టిగా మాట్లాడితే ఆఫీసు నుంచి ఇంటికి ఫోన్ చేయిస్తానంటాను, అంతే. గంట లాంటి గంట కూడా గుసగుసలాడటం నేర్చుకుంది. అందరికంటే చిన్నదొకతి ఉంది, తూనీగ అంటాం, అంత సన్నం. అది పడుకుంటే ఏనుగు తొక్కినా లేవదు.

పై గదిలో స్విచ్చు బోర్డు దగ్గర ఈమధ్య ఏదో కమురు వాసన. మిల్లు నుంచి జుట్టులో మోసుకొచ్చిన దూది నూగు రాలి అక్కడ పేరుకుంటుంది. ఎలక్ట్రీషియన్‌ని పంపమని ఆఫీసులో చెప్పాను. పంపుతారు.

ఫోన్ చెయ్యకు. ఇక్కడికి ఏ ఫోనొచ్చినా ముందు ఆఫీసు బల్ల మీదే మోగుతుంది. పేపర్లో రాస్తే మాత్రం ఈ జన్మకి నీకు చెల్లెలు లేనట్టే.

నీ బుజ్జి


మేడ మీద గది

బుజ్జీ,

ఉత్తరం చివర్లో కమురు వాసన అని రాశావు. ఎవరికో జలుబు చేసిందన్నట్టు రాశావు. అది చదివిన దగ్గర్నుంచి నేను నేనుగా లేను.

నేనేం చేశానో చెప్తాను, నవ్వుకో. పక్కింట్లో దర్జీ పని చేసే ఆవిడ తెలుసుగా, ఆవిణ్ణి పిలిచి నా గదికి బయట తాళం వేసి బజారుకి పొమ్మన్నాను. "ఏం రోగమమ్మా నీకు?" అంది. చదువుకునే వాళ్ళకి ఇలాంటివి వస్తుంటాయన్నాను. కిటికీలకి దుప్పట్లు కట్టి, పట్టపగలు మంచం మీద పడుకున్నాను. మొదట బాగానే ఉంది. మధ్యలో ఎక్కడా ఏమీ కాలకపోయినా ముక్కుకి వాసన తగలడం మొదలైంది. లేచి వంటగదిలో చూశాను, ఏమీ లేదు. మళ్ళీ పడుకున్నాను, మళ్ళీ వాసన. తలుపు దగ్గరికెళ్ళి లాగాను. బయట తాళం ఉందని తెలిసి కూడా లాగాను. తెలిసి లాగడం ఎంత భయమో నీకు తెలియదు. పై వాటా ఆయన మెట్లెక్కుతున్న చప్పుడు విని తలుపు బాదాను. ఆయన ఆగాడు. ఇంట్లో గొడవలనుకున్నట్టున్నాడు, మర్యాదస్తుడు, మెల్లగా పైకి వెళ్ళిపోయాడు.

నేనుండేది ఒక్కదాన్ని. గొడవ పడటానికి నాకెవరున్నారు? ఆడగొంతు తలుపు వెనక నుంచి వినపడితే అది ఇంటి విషయం, మనకెందుకు. లోకం అలా నేర్చుకుంది.

దర్జీ ఆవిడ వచ్చి తలుపు తీసేసరికి చెమటతో తడిసిపోయి ఉన్నాను. ఏమీ అడక్కుండా మంచినీళ్ళిచ్చింది. "మా అత్తగారు నన్నిలాగే పెట్టేది" అని మాత్రం అంది. పక్క గోడ అవతలే ఉంటుంది ఆవిడ, ఇన్నేళ్ళలో ఆ మాట నాకు తెలియనే తెలియదు.

గంట మీద చెయ్యి వేసిన వాళ్ళేమయ్యారు? నువ్వు రాయలేదు. వాళ్ళ బండికి తాళం పడలేదు, వాళ్ళ ఇళ్ళకి ఎవరూ ఫోన్ చెయ్యలేదు. గంటకి పడింది శిక్ష.

ఎలక్ట్రీషియన్ వచ్చాడా? ఒక్క ముక్క రాయి చాలు.

అక్క


హాస్టల్

అక్కా,

అంతా బాగానే ఉంది. పై గదికి సున్నం వేయించారు, శుభ్రంగా ఉంది. నాకు కొంచెం పని ఎక్కువగా ఉంది. కొన్నాళ్ళు ఉత్తరాలు రాయకు. వచ్చిన ఉత్తరాలు ఈమధ్య ఆఫీసులో ఇచ్చి పంపుతున్నారు, తెరిచి ఇస్తున్నారేమోనని అనుమానం. ఆరోగ్యం జాగ్రత్త.

బుజ్జి


మేడ మీద గది

బుజ్జీ,

సున్నం ఎందుకు వేశారు?

మీ హాస్టల్లో పైకప్పు కారితే తట్ట పెట్టుకోమన్న మనుషులు వాళ్ళు. మెట్ల మీద బల్బు పోతే నెలల తరబడి తడుముకుంటూ ఎక్కామని నువ్వే రాశావు. అలాంటి వాళ్ళు ఒక్క గదికి, ఆ ఒక్క పై గదికి, అడక్కుండా సున్నం వేయించారా? సున్నం కింద ఏముంది?

ఎలక్ట్రీషియన్ మాట లేదు. పిల్లల మాట లేదు. పేజీ నిండా రాసి మార్జిన్లో కూడా రాసే దానివి, పిడికెడు మాటలు పంపావు. నీ చేతిరాత కూడా నీది కాదు, అక్షరాలు వంకర పోయాయి. చెయ్యి కాలిందా?

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. దర్జీ ఆవిడ అటు వైపు చుట్టాలింటికి వెళ్తోంది. నీ చేతికిచ్చి, నువ్వు రాసిచ్చేదాకా కదలనంది. రాయకపోతే వచ్చే వారం పేపర్లో నాకు తెలిసినంత నేను రాస్తాను, తెలియనిది అడుగుతాను. చెల్లెలు లేకుండా పోతుందన్నావు. ఉండీ బూడిదైతే ఏం చేసుకోను?

అక్క


హాస్టల్, మెట్ల కింది గది

అక్కా,

నీ దర్జీ ఆవిడ మంచం మీద కూర్చుని నన్నే చూస్తోంది. భలే మనిషిని పంపావు, పోలీసులు నయం.

చెప్తాను.

ఆ రోజు మిల్లు గేటు దగ్గర నన్ను ఆపేశారు. పొద్దుటి షిఫ్టులో ఒక పిల్ల ఇంకా లోపలే ఉందని, అందరూ కలిసే వెళ్ళాలని. రూలు. నిలబడ్డాను. పిల్లలు జోకులేసుకుంటున్నారు, నేనూ నవ్వాను. తర్వాత నడుచుకుంటూ వచ్చాం. వీధిలోంచి చూస్తే హాస్టల్ ఎప్పటిలాగే ఉంది. మూసిన కిటికీలు, మూసిన తలుపు. ఎంత చక్కగా పడుకున్నారో అనుకున్నాను. ఆ మాట నాకు నేనుగా అనుకున్నానక్కా.

మెట్లెక్కుతుంటే వాసన. తలుపు దగ్గరికొస్తే చప్పుడు. పురుగు చెక్కని తొలుస్తున్నట్టు, టిక్ టిక్ మని. గోళ్ళతో తట్టినట్టు. తాళంచెవి తీశాను. పట్టలేదు. నా చెయ్యి అది పట్టాల్సిన చోటు తప్ప అన్ని చోట్లా పెట్టింది. వెనకున్న పిల్ల లాక్కుని తీసింది.

పొగ మొహం మీద కొట్టింది. బోర్డు దగ్గర పేరుకున్న దూది అంటుకుని, పక్కనున్న పరుపు రాజుకుంది. గంట దుప్పటితో కొట్టి కొట్టి మంట ఆర్పింది, దాని రెండు చేతులూ పొక్కిపోయాయి. మంట ఆరింది గాని పొగ ఎటు పోతుంది? అట్టలు పీకి చూశారట, అవతల కిటికీ తలుపులు మేకులతో బిగించి ఉన్నాయి. అందరూ తడిగుడ్డలు మూతికి పెట్టుకుని నేల మీద కూర్చుని ఉన్నారు. కాలిన ఆ చేతులతోనే గంట తలుపు మీద మెల్లగా తడుతోంది.

నేను దాన్ని పట్టుకుని ఊపేశాను. "ఎందుకే అరవలేదు? నీకంత గొంతుంది గదే?"

అది దగ్గుతూ చెప్పింది, "కింద గదిలో కూడా రాత్రి షిఫ్టు వాళ్ళు పడుకున్నారు గదమ్మా. శబ్దం చేస్తే ఇంటికి ఫోన్ చేయిస్తానన్నారు."

అక్కా, ఆ మాట అన్నప్పుడు గుసగుసగానే అంది.

తూనీగ లేవలేదు. పొగలో కూడా నిద్రలోనే ఉంది. గోడ వారగా ఈడ్చి తలుపు దగ్గర పెట్టారు. నేను బయటికి ఎత్తుకొచ్చాక చాలాసేపటికి కళ్ళు తెరిచింది. ఇప్పుడు దగ్గుతోంది, ఆగదు. మెట్లెక్కలేదు.

మేనేజరు వచ్చి గది చూశాడు, గోడ చూశాడు, పిల్లల్ని చూడలేదు. పనివాళ్ళని పిలిచి సున్నం కొట్టించాడు. పిల్లలు దొంగచాటుగా నీళ్ళు కాచుకునే రాడ్డు పెట్టారని, అందుకే అంటుకుందని అందరి ఇళ్ళకీ ఫోన్ చేశాడు. అక్కడ రాడ్డు లేదు. ఉందని నన్ను చెప్పమన్నాడు. చెప్పకపోతే గది ఖాళీ చెయ్యమన్నాడు. నేను ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. తల దించుకున్నాను. దాన్ని ఊఁ కింద రాసుకున్నట్టున్నాడు. పిల్లలకి భయం లేకుండా పోయిందట, తలుపు ముందు ఇనుప కటకటాలు కూడా పెట్టిస్తాడట. దానికి ఇంకో తాళం. తూనీగని తీసుకెళ్ళడానికి వాళ్ళ నాన్న వస్తున్నాడు. అది నా చెయ్యి పట్టుకుని పంపొద్దని ఏడుస్తోంది. ఇక్కడ ఊపిరాడటం లేదు, అక్కడికి పోతే ఇక పీల్చనివ్వరని అంది.

నువ్వు రాయొద్దు. ఇది బతిమాలడం కాదు, అడుగుతున్నాను. నువ్వు రాస్తే నీ పేరు పైన పడుతుంది, జనం చదివి అయ్యో అంటారు. సాయంత్రానికల్లా తండ్రులందరూ బస్సు దిగుతారు. అప్పుడు నీ న్యాయం ఎవరికి? రాసేది వాళ్ళ కోసమా, నీ కోపం కోసమా?

ఇప్పటికీ రోజూ తాళం వేస్తూనే ఉన్నాను. వేసి, మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి వాసన చూస్తాను. వీధి చివరిదాకా వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చి చూస్తాను. మిల్లు దగ్గర నిలబడితే గోళ్ళ చప్పుడు వినపడుతుంది. మిషన్ల హోరులో కూడా.

బుజ్జి


మేడ మీద గది

బుజ్జమ్మా,

ఇదీ దర్జీ ఆవిడ చేతే పంపుతున్నాను. నువ్వు వద్దన్నా వినలేదు. వ్యాసం రాసేశాను. బాగా వచ్చింది. చదువుకుంటే అందులో నేనున్నాను, నువ్వున్నావు, మేనేజరున్నాడు, తండ్రులున్నారు, చరిత్రంతా ఉంది. ఆ పిల్లలు నోరు తెరిచి అన్న మాట ఒక్కటీ లేదు. చించేశాను.

కానీ ఊరుకోమని మాత్రం అనను. ఊరుకుంటే కటకటాలు పడతాయి, వాటి వెనక ఇంకోసారి అంటుకుంటుంది, ఈసారి దుప్పటి చాలదు. నువ్వు అనుకుంటున్న అరగంట అబద్ధం. గేటు దగ్గర ఆపితే ఎంతసేపో గేటుకే తెలుసు. భయపడితే ప్రమాదం ఆగదు బుజ్జీ, భయపడే వాళ్ళు నోరు మూసుకుంటారంతే. అదే వాళ్ళకి కావలసింది.

నాన్నల్ని అడిగారు, మేనేజర్ని అడిగారు, నన్ను కూడా నేనే అడుక్కున్నాను. నువ్వు ఆ పిల్లల్ని అడుగు. కూర్చోబెట్టి, గట్టిగా మాట్లాడనిచ్చి అడుగు. వాళ్ళేమంటే అది నాకు పంపు. ఒక్క అక్షరం మార్చను, ఒక్క విశేషణం కలపను. నాకదెంత కష్టమో నీకు తెలుసు.

గది పోతే నా గదుంది. మేడ మీద, ఇరుకు, మెట్లు నిటారు. లోపలి నుంచి తీసుకునే గడియ.

అక్క


హాస్టల్, పై గది గుమ్మం

అక్కా,

గుమ్మంలో కూర్చుని ఒళ్ళో అట్ట పెట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే చదువుకో.

ఇవాళ మధ్యాహ్నం తాళం వెయ్యలేదు. తాళంచెవి గంటకిచ్చి మిల్లుకి వెళ్ళాను. దాని కట్టుకట్టిన చేతుల్లో పెడితే పట్టుకోవడం రాలేదు, మోచేతి వంపులో పెట్టుకుంది. నా నడుము ఖాళీగా ఉండటం మేనేజరు గేటు దగ్గరే చూశాడు. "తాళంచెవి ఏదమ్మా?" అన్నాడు. లోపలుందన్నాను. "ఎవరి దగ్గర?" అన్నాడు. లోపలున్న వాళ్ళ దగ్గరన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. రాడ్డు కూడా లేదండీ అని చెప్పేశాను. ఎలాగూ మునిగాను కదా అని. సాయంత్రంలోగా గది ఖాళీ చెయ్యమన్నాడు.

వచ్చి పిల్లల్ని అడిగాను. మొదట నన్ను చూసి భయం. అది చూస్తే నాకు భయం. ఎవరో కిసుక్కున నవ్వారు, తర్వాత అందరూ ఒకేసారి మొదలుపెట్టారు. కింద గది వాళ్ళు కూడా లేచొచ్చారు. రాయలేక నా చెయ్యి పడిపోయింది.

వెల్డింగు వాళ్ళ బండి కింద ఆగింది. కటకటాలు దింపుతున్నారు, ఇనుము నేల మీద ఈడ్చే చప్పుడు వస్తోంది. వెనకాలే తూనీగ నాన్న కూడా వచ్చాడు, మేనేజరుతో మాట్లాడుతున్నాడు, పైకి చూడటం లేదు. తూనీగ నా వెనక నక్కి కూర్చుంది. తలుపు బార్లా తీసి పిల్లలందరూ గుమ్మంలో, మెట్ల మీద కూర్చున్నారు. మనుషులున్న గుమ్మానికి కటకటాలు ఎలా బిగిస్తారో చూద్దామంది గంట. బిగిస్తారేమోనని నాకు భయంగానే ఉంది. వాళ్ళకీ ఉంది, ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు వదలడం లేదు.

కిటికీ మేకులు ఊడదీశాం. కింద పొద్దుటి షిఫ్టు పిల్ల ఒకతి నిలబడి ఉంది. ఇది మడిచి కిందికి వేస్తాను, పరిగెత్తుకెళ్ళి పోస్టులో వేస్తుంది. పేపర్లో వేసుకో. మా పేర్లు వద్దు, నీ వ్యాఖ్యానం వద్దు. పిల్లలు చెప్పింది చెప్పినట్టు రాశాను.

మాకు కావలసినవి:

ఒకటి. తలుపుకి బయట గొళ్ళెం ఉండకూడదు. గడియ లోపల ఉండాలి.

రెండు. తెచ్చిన కటకటాలు వెనక్కి తీసుకుపోవాలి.

మూడు. పై గదికి రెండో దారి, మెట్లు కట్టించాలి. కిటికీలకి మేకులు కొట్టకూడదు.

నాలుగు. స్విచ్చు బోర్డులు మార్చాలి. దూది నూగు దులపడానికి మనిషిని పెట్టాలి. మా నిద్ర మానిపించి మాతో చేయించకూడదు.

ఐదు. తూనీగకి మిల్లే వైద్యం చేయించాలి. దాని పని దానికే ఉంచాలి. గంట చేతులు మానేదాకా మిషన్ మీద పెట్టకూడదు, జీతం కొయ్యకూడదు.

ఆరు. రాడ్డు పెట్టామని మా ఇళ్ళకి చెప్పింది అబద్ధమని మేనేజరే మళ్ళీ ఫోన్ చేసి చెప్పాలి.

ఏడు. సందులో అడ్డగించే మగవాళ్ళని సందులో ఆపాలి. మమ్మల్ని గదిలో ఆపడం కాదు.

ఎనిమిది. వార్డెనమ్మని తీసెయ్యకూడదు. (ఇది నేను రాయనన్నాను. రాయకపోతే కలం ఇవ్వమన్నారు.)

తొమ్మిది. మా సంగతులు మా నాన్నలతో, అన్నలతో మాట్లాడటం మానాలి. మాతో మాట్లాడాలి.